చుట్టన్నర దూరం

పెర్త్ నుంచి లండన్ ఎంత దూరం అని
కొత్తగా చేరిన కుర్రవాడు అడిగాడు.
పద్నాలుగు వేల ఐదొందల కిలోమీటర్లు అన్నాను.
అంటున్నప్పుడే తెలుసు, అది సగం జవాబని.
గోళం మీద దారం లాగి పట్టుకుంటే వచ్చే లెక్క అది.
విమానం దారం మీద నడవదు.
గాలి సరేనన్నంత మేర నడుస్తుంది,
కాదన్నచోట చుట్టూ తిరిగిపోతుంది.

ఆ చుట్టుతిరుగుడుకి ఇంధనం లెక్కగట్టడం నా ఉద్యోగం.
గంటకి ఐదు టన్నులు, కాస్త అటూ ఇటూ.
ఆ ఇంధనాన్ని మోయడానికి మరికొంత,
ఆ మరికొంతని మోయడానికి ఇంకాస్త.
అప్పు తీర్చడానికి చేసే అప్పులాంటిది.

చిన్నప్పుడు మా లంకకి లాంచీ నడిపిన సోమినాయుడు
దూరాన్ని చుట్టల్లో చెప్పేవాడు.
కోటిపల్లి రేవుకెంత? చుట్టన్నర.
వరద రోజుల్లో అదే రేవు మూడు చుట్టలు.
పిల్లలం పడీ పడీ నవ్వేవాళ్ళం.
ఇప్పుడు నవ్వను.
కాలిపోయినదాన్ని బట్టే దూరం తెలుస్తుందని
ఆయనకి ఏ కంప్యూటరూ చెప్పలేదు.

ఆ రోజు డిసెంబరు ఎండ ఆరున్నరకీ దిగలేదు.
మధ్యాహ్నం సముద్రం మీంచి రావలసిన చల్లగాలి
(ఇక్కడివాళ్ళు దాన్ని డాక్టరంటారు)
రోగిని చూడ్డానికి రానేలేదు.
అక్కడ అరేబియా సముద్రం మీద మాత్రం
ఎదురుగాలి లేచి కూర్చుంది.
దారి పద్దెనిమిది నిమిషాలు పెరిగింది.
అంటే టన్నున్నర ఇంధనం.
అంటే టన్నున్నర ఏదో ఒకటి కిందికి.

ఊలు బేళ్ళు దించాం. టపా సంచులు దించాం.
ఇంకా నూట నలభై కిలోలు తేలాలి.

"పేటిక ఒకటుందిగా," అన్నాడు లెయిటన్
జాబితా మీద పెన్సిలు ఆనించి.
"సరిగ్గా నూట నలభై. ఆయనకేం తొందర?"

ఆర్నల్డ్ ఆక్‌రాయిడ్, ఎనభై నాలుగు.
ఇరవై రెండో ఏట ఫ్రీమాంటిల్‌లో ఓడ దిగాడట,
ముప్పై ఒక్క రోజులు నీళ్ళ మీదే గడిపి.
కౌంటరు దగ్గర కూతురు చెప్పింది, ఎవరూ అడక్కుండానే.
ఇప్పుడావిడ నలభై ఒకటో వరసలో కూర్చుని ఉంది.
తిరుగు ప్రయాణం పదిహేడు గంటలు.
రాత్రి వెంటబడి పడమటికి పోతూ ఉంటే
ఎంతకీ తెల్లారని ఒకే ఒక్క రాత్రి.

లెయిటన్ మాటలో తప్పు లేదు.
మిగిలిన సరుకు మాంజిమప్ చెర్రీలు.
ఆగితే అవి మెత్తబడతాయి. ఆయన ఆగగలడు,
ఆగడం ఒక్కటే ఇప్పుడాయనకి చేతనైన పని.

ఎక్కినవాణ్ణి దించితే ఏటికి కోపమొస్తుందని
సోమినాయుడు అనేవాడు.
అది రిపోర్టులో రాయదగ్గ కారణం కాదు.

"చెర్రీలు దించండి," అన్నాను.
వల విప్పారు, పెట్టెలు లెక్కపెట్టారు, మళ్ళీ వల కట్టారు.
ఇరవై ఆరు నిమిషాల ఆలస్యం.
దాని కింద నా సంతకం, కొంచెం వంకరగా.

మర్నాడు డ్యూటీకొచ్చేసరికి విమానం దిగిపోయింది.
ఒమన్ దాటాక గాలి పడిపోయిందట.
ట్యాంకుల్లో రెండు టన్నులు మిగిలే ఉంది.
చెర్రీలు వెళ్ళగలిగేవి. ఊలు కూడా.
లెయిటన్ ఏమీ అనలేదు,
ఒక కనుబొమ్మ మాత్రం పైకి లేపి
కాసేపు అక్కడే ఉంచాడు.

తోటమాలిక్ వద్దన్న పెట్టెలు తలా ఇంత పంచుకున్నాం.
రాత్రి మిడ్‌లాండ్ వైపు కారు తోలుకుంటూ
ఒళ్ళో సంచీ, వేళ్ళకి ఎరుపు,
కిటికీలోంచి గింజలు ఉమ్ముతూ పోయాను.
రోడ్డు ఖాళీ. ఆకు కదలడం లేదు.

ఇంటికి దూరం
పదమూడు చెర్రీలు.